మడిగెలు, మల్గీలు, ఖాళీ షట్టర్లు

దుకాణం గదికి మా ఇండ్లల్లో రెండు పేర్లున్నాయి. గడప దాటి తెలుగులో మాట్లాడితే మడిగె. గడప లోపల ఉర్దూలో మాట్లాడితే మల్గీ. లక్నో నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన ఉర్దూ మనిషిని మల్గీ అంటే ఏమిటని అడగండి, తెల్లమొహం వేస్తాడు. అది దక్కను మాట. కన్నడంలో మళిగె ఉంది, తమిళంలో మళిగై ఉంది, బ్రౌన్ నిఘంటువులో మడిగె ఉంది. ఇవన్నీ ఒక తల్లి పిల్లలేనని మా నమ్మకం. మరి పక్కింటి తెలుగాయన ఏమంటాడు? దుకాణం అంటాడు. అది అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా వచ్చిన మాట. కిరాయి, బాకీ, వసూలు, జమా, ఖర్చు అన్నీ ఆ దారినే వచ్చినవే. అంటే వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి మా మాట వాళ్ల నోట్లో ఉంది, వాళ్ల మాట మా నోట్లో ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం ముందు మాటలతోనే జరిగిపోయింది. మమ్మల్ని బయటినుంచి వచ్చినోళ్లు అనేవాళ్లు ఒకసారి తమ చిట్టా పుస్తకం తెరిచి చూసుకుంటే బాగుంటుంది.

ఇప్పుడీ మడిగెల సంగతి ఎందుకంటే, అవి ఖాళీగా ఉన్నాయి. సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట లాంటి ఏ మండల కేంద్రానికైనా పోండి. (జమ్మికుంట దగ్గర రాములోరి గుడి ఉన్న ఇల్లందకుంట వేరు, అది వేరే కథ.) రోడ్డుకు రెండు పక్కలా షట్టర్లు కనిపిస్తాయి. కొన్ని తెరిచి ఉంటాయి, కొన్ని కొత్తగా కట్టి ఒక్కసారి కూడా తెరవనివి, కొన్ని తెరిచి మూసినవి. మూసిన షట్టర్ మీద టూలెట్ బోర్డు, దాని మీద ఏదో పార్టీ పోస్టర్. వీటిల్లో ఏం రావాలి అని నలుగురు కూడిన చోటల్లా ఒక చర్చ నడుస్తుంది. బేకరీ పెట్టాలని ఒకరంటారు, ల్యాబ్ అని ఒకరు, బట్టల షోరూం అని ఇంకొకరు. ఆ చర్చలో మా మాట ఎక్కడుంది? ఏం రావాలో చెప్పేముందు అసలు వీటిల్లో ఏముండేదో, అది ఎటుపోయిందో చెప్పాల్సిన పని మాకు పడింది. ఎందుకంటే ఆ పోయినవాటిల్లో ఎక్కువ మావే.

మా గురించి ఒక పెద్ద అబద్ధం చలామణిలో ఉంది. మేం పాలించినోళ్లమట. ఈ ప్రాంతానికి ఆ అబద్ధం మరీ సులభంగా అతుకుతుంది. 1905 దాకా జిల్లా పేరే ఎల్గందల్. అక్కడ గుట్ట మీద ఖిల్లా ఉంది. ఎల్గందల్ కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదనే కరీంనగర్ వెలిసిందంటారు. జగిత్యాలలో 18వ శతాబ్దంలో జఫరుద్దౌలా కట్టించిన నక్షత్రం ఆకారపు కోట ఉంది. కోటలు చూపించి మీవే కదా అంటారు. ఆ కోటలో ఉన్న నవాబుకూ, ఆ కోట కింద రోళ్లకు కక్కులు కొట్టుకుంటూ తిరిగిన సాయిబుకూ ఏం చుట్టరికం? నమాజు ఒక్కటే. ఆ నమాజులో కూడా ఎవరు ముందు వరసలో నిలబడ్డారో మాకు తెలుసు.

మా అసలు చరిత్ర కోటల్లో లేదు. ప్రభుత్వమే అచ్చేసిన ఒక జాబితాలో ఉంది. 2007లో వెనుకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ బీసీ-ఇ అనే గ్రూపు పెట్టారు. ఆ 14 పద్దుల జాబితాను రిజర్వేషన్ కాగితంలా కాక ఒక చరిత్ర పుస్తకంలా చదవండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాంలు, ఖురేషీలు, రోళ్లకు కక్కులు కొట్టేవాళ్లు, పత్తర్ ఫోడులు. అంతకు చాలా ముందే దూదేకులవాళ్లు బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఎలో చేరి ఉన్నారు. ఈ పేర్లలో ఒక్కటైనా రాజ్యం చేసినవాడి పేరుందా? ఒక్కటైనా మడిగెలో కూర్చున్నవాడి పేరుందా? వీళ్లు కూర్చునేవాళ్లు కాదు, తిరిగేవాళ్లు. అత్తరు పెట్టె భుజానికి, దూదేకే విల్లు భుజానికి, సుత్తె, ఉలి సంచిలో. సంత రోజు అంగట్లో, మిగతా రోజులు వీధి వీధి. కిరాణం కోమట్లది, బంగారం కంసాలులది, బట్ట నేసేది పద్మశాలీలది. ఊరికి స్థిరమైన మడిగె ఉన్నప్పుడు అది మా వాళ్లది కావడం అరుదు. మాది చేతిలో పనిముట్టు, నోట్లో కేక.

దూదేకులవాళ్ల గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఊళ్లల్లో మాకు తెలుగు మీద హక్కు సంపాదించిపెట్టింది వాళ్లే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఇంటిపేర్లు తెలుగువే, పీర్ల పండుగ వాళ్లదే. మా ఉర్దూ పెద్దమనుషులు వాళ్లను పూర్తి ముసల్మాన్లుగా ఒప్పుకోలేదు. హిందువులు పూర్తిగా తమవాళ్లని అనలేదు. పరుపులు, దిండ్లు మాత్రం అందరికీ కావాలి. చలికాలం ముందు ఇంటి ముందర కూర్చొని విల్లుతో పత్తి ఏకుతుంటే వచ్చే టంగుమనే చప్పుడు విని పెరిగిన తరం ఇంకా బతికే ఉంది. మిల్లు పరుపు, ఫోం పరుపు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చాక కలాయి పోసేవాడి కొలిమి ఆరింది. మిక్సీ వచ్చాక రోలు పెరట్లో పక్షులకు నీళ్లుపోసే తొట్టయింది, ఇక కక్కులు కొట్టేదెవరికి? ఇవన్నీ ప్రపంచీకరణ అనే ఒక్క మాటతో కొట్టేయడం మాకు ఇష్టం లేదు. స్టీలు గిన్నె మా ఇంట్లోకీ వచ్చింది, మా ఆడవాళ్ల చేతి నొప్పి తగ్గింది. పని పోవడం వేరు, పని పోయినవాడికి ఇంకో పనిలో చోటు దొరక్కపోవడం వేరు. మా కొట్లాట రెండోదాంతో.

మడిగెలు ఖాళీ కావడం మాకు కొత్త కాదు. 1948 సెప్టెంబరులో 'పోలీసు చర్య' అని ముద్దుగా పిలిచే సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. దాని తర్వాత జరిగింది అయిదు రోజుల్లో ముగియలేదు. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగి నివేదిక రాశారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఆ ముగ్గురిలో ఖాజీ అబ్దుల్ గఫార్ పాత్రికేయుడు, హైదరాబాదులో పయాం పత్రిక నడిపినవాడు. ఆ నివేదికను దశాబ్దాల తరబడి దాచిపెట్టారు. ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో మామూలు మనిషి చూడగలిగే స్థితికి వచ్చేసరికి 2013 అయింది. చావులు ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. తెలంగాణ జిల్లాల్లో చావులు అంత లేవు కానీ భయం ఉంది. భయానికి లెక్కలుండవు. ఊళ్లు విడిచి పట్నం పోయిన కుటుంబాలు వదిలిన ఇండ్లు, మడిగెలు ఎవరి పేరు మీదికి ఎక్కాయో పహాణీలు చెప్తాయి, చదివేవాడుంటే.

అదే సమయంలో రజాకార్లు ఊళ్ల మీద చేసిన దాడుల్ని మేం మరిచిపోమంటున్నామా? లేదు. ఆ రజాకారు చేసిన పాపానికి అత్తరమ్ముకునేవాడు ఎందుకు కట్టాలి అని మాత్రం అడుగుతున్నాం. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం వచ్చింది. జాగీర్దారు దగ్గర గుర్రాలకు నాడాలు కొట్టినవాడికి ఏ పరిహారమూ రాలేదు.

ముప్ఫై ఏళ్లకు ఇదే నేల మీద ఇంకొక చరిత్ర నడిచింది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర. రైతు కూలీలు వేలల్లో కదిలారు. దొరలకు సాంఘిక బహిష్కరణ విధించారు. మంగలి పోలేదు, చాకలి పోలేదు, పాలేరు పోలేదు. గడీ ఒంటరిదయింది. ఆ అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ బహిష్కరణ కూలోడి చేతిలో ఆయుధం. పైవాడి మీద కిందివాడు ఎత్తింది. ఇప్పుడు 2020కి రండి. మార్చిలో కరోనా వచ్చింది. ఢిల్లీ మర్కజ్ వార్తలు, కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకుల వార్తలు టీవీల్లో రాత్రింబవళ్లు. ముకరంపుర చుట్టూ బారికేడ్లు. జబ్బు నిజమే, జాగ్రత్త అవసరమే. కానీ దేశమంతటా ఫోన్లలో తిరిగిన సందేశం జాగ్రత్త గురించి కాదు, సాయిబు దగ్గర పండ్లు కొనొద్దని. ఇదీ బహిష్కరణే. ఎవరి మీద? తోపుడు బండి మీద. దొరను వెలేసిన చేతులకూ, అరటిపండ్ల సాయిబును వెలేసిన చేతులకూ తేడా చూడకుండా బహిష్కరణ అన్న ఒకే మాట వాడేవాళ్లను చూస్తే మాకు నవ్వొస్తుంది. ఆ రెండింటి మధ్య 42 ఏళ్లే ఉన్నాయి.

సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ముస్లిం పనివాళ్లలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు, హిందువుల్లో అది 55 శాతం. ముస్లిం మగ పనివాళ్లలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారులు, దేశం మొత్తమ్మీద సగటు 8 శాతం కన్నా తక్కువ. ఈ అంకెల అర్థం సులభం. మాకు నెల జీతం తక్కువ, నెల జీతం లేనివాడికి రోజు గిరాకీయే దిక్కు. అలాంటప్పుడు కొనొద్దనే ఒక్క సందేశం అన్నం గిన్నె మీద పడుతుంది. మడిగె ఉన్నవాడు నెల రోజులు తట్టుకుంటాడు. బండి మీద ఉన్నవాడు మూడు రోజులు.

మరి ఈ షట్టర్లు ఇన్ని ఎట్లా లేచాయి? 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఊరు మండల కేంద్రమైతే ఆఫీసులొచ్చాయి, స్టేషనొచ్చింది, బ్యాంకొచ్చింది. ఆఫీసు ముందర చాయ్ హోటలు, జిరాక్సు, దరఖాస్తులు రాసేవాడు. ఈ దరఖాస్తులు రాసేవాళ్లలో మావాళ్లు ఉండేవాళ్లు, కారణం ఉర్దూ. పాత సేత్వార్లు, ఖాస్రా పహాణీలు చాలావరకు ఉర్దూలో రాసినవి. పట్టా తగాదా వస్తే రెడ్డిగారైనా వెలమదొరైనా ఆ ముసలి సాయిబు దగ్గరికి రావాల్సిందే. గుండ్రంగా తిరిగిన షికస్తా రాత మీద అద్దాలు పెట్టి చదివి, ఇది నీదే అనో, ఇది నీది కాదు అనో చెప్పేవాడు. ఉర్దూ ఒక మతం భాషగా మిగిలిపోయిందని అందరూ అనుకుంటున్న కాలంలో అది ప్రతి కులం రైతుకూ అవసరమైన భాషగా ఆ చిన్న బల్ల మీద బతికింది. ఆ తరం పోయింది. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పాత కాగితాలు మాత్రం ఆ రాతలోనే ఉన్నాయి.

ఇక షట్టర్ల అసలు పునాది గల్ఫు. కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయికి, సౌదీకి, కువైట్‌కు పోయినవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు, మాకన్నా ఎక్కువగా బీసీలు, దళితులు ఉన్నారు. గల్ఫంటే సాయిబులు అనుకునేవాళ్లకు ఈ ముక్క తెలియాలి. ఆ డబ్బు ముందు అప్పు తీర్చింది, తర్వాత చెల్లె పెండ్లి చేసింది, తర్వాత ఇల్లు కట్టింది. ఇంకా మిగిలితే రోడ్డు పక్కన జాగా కొని రెండు షట్టర్లు కట్టించింది. ఎందుకంటే వచ్చేటోడికి వచ్చినంక కూర్చునే చోటు కావాలి. ప్రతి షట్టరూ ఒక రాక కోసం కట్టింది. కొందరు వచ్చారు. కొందరు రాలేదు, శవపేటికలో వచ్చినవాళ్ల గురించి మేం వేరుగా రాస్తాం. 2011లో సౌదీ నితాఖత్ పెట్టింది. 2016లో సెల్‌ఫోన్ల దుకాణాల్లో సౌదీ పౌరులే పనిచేయాలని హుకుం వేసి, సెప్టెంబరు నాటికి పరాయివాళ్లందరినీ ఆ కౌంటర్ల వెనక నుంచి లేపేసింది. అట్లా లేచిన చేతులకు తెలిసిన పని సెల్‌ఫోన్ బాగుచేయడం. తిరిగొచ్చి ఇక్కడ ఒక షట్టర్ ఎత్తితే, పక్కన ఇంకొకడూ అదే షట్టర్ ఎత్తాడు. ఒక వీధికి ఎన్ని సెల్‌ఫోన్ దుకాణాలు కావాలి? కొన్నాళ్లకు సగం మూతపడ్డాయి. రియాద్‌లో తీసిన హుకుం మా ఊరి షట్టర్‌ను ఎట్లా దించిందో ఇది చూస్తే తెలుస్తుంది.

ఎల్లంతకుంట చుట్టుపక్కల ఇంకొక ఖాళీ ఉంది. అది నీళ్ల కింది ఖాళీ. మధ్యమానేరు కింద చింతలఠాణ, కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, సంకెపల్లి లాంటి ఊళ్లు పోయాయి. కాళేశ్వరం ఎత్తిపోతల పదో ప్యాకేజీలో తిప్పాపూర్ పంపుహౌసు, దాని మీద 3.5 టీఎంసీల అనంతగిరి రిజర్వాయరు. దానికి అన్నపూర్ణ అని పేరు పెట్టారు. ఎల్లంతకుంట మండలంలోని అనంతగిరి ఊరు దాని కిందికి పోయింది. నీళ్లు పారాయి, పొలాలు పచ్చబడ్డాయి, కాదనం. కానీ ఊరు మునిగితే మునిగేది భూమి, ఇల్లు మాత్రమే కాదు. చింతచెట్టు కింద కుట్టుమిషన్ పెట్టుకున్నవాడి గిరాకీ మునుగుతుంది. చెట్టుకు పట్టా ఉండదు, గిరాకీకి అసలే ఉండదు. 1894 నాటి భూసేకరణ చట్టం లెక్కంతా భూమి, కట్టడం చుట్టూ తిరిగేది. 2013 చట్టం చిన్న వ్యాపారిని, చేతిపనివాణ్ణి మొదటిసారి పేరుపెట్టి గుర్తించింది. ఒక్కసారికి కనీసం 25 వేల రూపాయలు రాసింది. చిన్న దుకాణానికో పశువుల కొట్టానికో ఇంకో 25 వేలు. పశువుల కొట్టం, దుకాణం ఒకే పద్దులో! అయినా గుర్తించింది కదా అని మేం దణ్ణం పెడతాం. ఆ డబ్బుతో కొత్త కాలనీలో డబ్బా పెట్టుకోవచ్చు. కానీ కొత్త కాలనీలో వాడి ఊరు చెల్లాచెదురై ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఎవరి జాకెట్టు కొలత ఎంతో కంటితో చెప్పగలిగినవాడు కొత్త మనుషుల మధ్య టేపు పట్టుకుని నిలబడాలి.

ఇట్లా ఖాళీ అయిన షట్టర్లను అడిగేవాళ్లు లేక కాదు. అడిగేవాళ్లున్నారు. ఫైనాన్సువాళ్లు అడుగుతారు. మందు అమ్ముకునేవాళ్లు అడుగుతారు. లైసెన్సు దుకాణమైతే గుడికీ బడికీ మసీదుకూ వంద మీటర్ల దూరం ఉండాలన్న నిబంధనుంది. బెల్టు షాపుకు ఏ నిబంధనా లేదు, ఎందుకంటే కాగితం మీద అది లేనే లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు మా పత్రికలన్నీ రాశాయి. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఏ ఖాళీ మడిగెలో ఏం రావొద్దో ఆడవాళ్లను అడిగితే మొదటి జవాబు ఇదే. హిందూ ఆడవాళ్లు, ముస్లిం ఆడవాళ్లు, బీడీలు చేసేవాళ్లు, చేయనివాళ్లు, ఇందులో తేడా ఉండదు.

ఇప్పుడు మా ఇంటి లోపలి సంగతికి వస్తున్నాం. పట్టణాల్లో చాలా మసీదులకు రోడ్డు వైపు మల్గీలున్నాయి. వాటి కిరాయితో ఇమాముకు జీతం, కరెంటు బిల్లు, చాపలు. వక్ఫు అంటే దేవుడి పేరు మీద ఆపిన ఆస్తి. అమ్మడానికి లేదు, దాని ఫలం పేదవాడికి చేరాలి. ఆచరణలో ఏం జరిగింది? పెద్దమొత్తం పగిడీ చేతులు మారింది, కిరాయి మాత్రం తాతలనాటిదే ఉండిపోయింది. తీసుకున్నవాడు ఇంకొకడికి పదింతలకు ఇచ్చాడు. 1995 చట్టం మూడేళ్లు మించిన లీజు చెల్లదంది. 2013 సవరణ దాన్ని 30 ఏళ్ల దాకా పెంచింది, వేలం పద్ధతి తెచ్చింది. పగిడీ మసీదును దోచింది నిజమే. అయితే వేలం ఎవరికి పనికొస్తుంది? ఎక్కువ పాడినవాడికి. ఎక్కువ పాడగలిగేది ఎవరు? మసీదు మల్గీలో ఒక విధవ కుట్టుమిషన్ పెట్టుకోవాలంటే ఆమె బట్టల షోరూం యజమానితో పోటీపడి పాడాలా? మసీదుకు రాబడీ రావాలి, పేదవాడికి చోటూ దొరకాలి. ఈ రెండింటినీ కలిపే దారి చట్టంలో లేదు, మా కమిటీల మనసులో కూడా పెద్దగా లేదు. అన్ని మల్గీలూ వేలానికి పెట్టి, రోడ్డు మీది ఒకటి రెండు మాత్రం తక్కువ కిరాయికి పేదవాళ్ల కోసం ఆపితే మసీదు దీపం ఆరిపోదు. ఇది మా అభిప్రాయం. దీన్ని వ్యతిరేకించేవాళ్లు మాలోనే ఉన్నారని తెలుసు.

ఆస్తి మాదే అని చూపించుకోవడం కూడా ఇప్పుడు ఒక పనయింది. 2017 నవంబరులో హైదరాబాదులో వక్ఫు బోర్డు రికార్డు గదులకు ప్రభుత్వం రాత్రికి రాత్రి సీలు వేసింది. అక్రమాల మీద విచారణ అన్నారు. ఏళ్ల తరబడి ఆ కాగితాలు తాళం వెనకే ఉన్నాయి. అదే నెలలో ఉర్దూను తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష చేస్తూ శాసనసభ బిల్లు ఆమోదించింది. ఒక చేత్తో భాష ఇచ్చారు, ఇంకో చేత్తో ఆ భాషలో ఉన్న కాగితాల గదికి తాళం వేశారు. 2025లో వక్ఫు చట్టాన్ని మళ్లీ సవరించారు. వాడుక ద్వారా వక్ఫు అనే భావనను ఇకముందు లేకుండా చేశారు, ఉన్న ఆస్తులన్నీ ఆరు నెలల్లో కంప్యూటరులో ఎక్కించాలన్నారు. ఆ ఏర్పాటుకు పెట్టిన పేరు ఉమీద్. ఉర్దూలో ఆశ అని అర్థం. మాకు మా భాషలోనే పేర్లు పెట్టడంలో వాళ్లకు మంచి నేర్పుంది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనల మీద స్టే ఇచ్చింది. ఊరి పీర్ల కొట్టానికి, పాత కబరస్తానుకు, చింత కింది నమాజు కట్టకు దస్తావేజు ఎవరు రాశారు? వందల ఏళ్లు వాడుకోవడమే వాటి దస్తావేజు. వేములవాడ రాజన్న గుడి ప్రాకారంలోపలే దర్గా ఉండటం, కోడె కట్టిన చేత్తోనే అక్కడ చక్కెర ఫాతిహా ఇవ్వడం మా తరం కళ్లతో చూసింది. దానికెవరు రిజిస్ట్రేషన్ చేయించారు?

సరే, ఖాళీ షట్టర్లలో మాకేం కావాలి. అందరిలాగే మాకూ నిజాయితీగా మందులమ్మే దుకాణం కావాలి, రక్తపరీక్షకు కరీంనగర్ బస్సెక్కాల్సిన పని లేకుండా ఉండాలి. వీటిలో మతం లేదు. ఇవి కాక మాకు ప్రత్యేకంగా కావాల్సినవి రెండున్నాయి.

ఒకటి చదువుకునే గది. ఉర్దూ, తెలుగు రెండూ ఉండే గది. సియాసత్, మున్సిఫ్ పక్కన తెలుగు పత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు. మా పిల్లల్లో ఎక్కువమందికి ఇప్పుడు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తెలుగు చదవడం వచ్చు, అందులో మా కథ దొరకదు. అదే గదిలో వారానికి ఒక రోజు పాత సేత్వార్ చదివిపెట్టే మనిషి కూర్చుంటే, ఆ గదికి వచ్చేది మేమొక్కళ్లమే కాదు, పట్టా చేతబట్టుకున్న ప్రతి రైతూ వస్తాడు. దీనికి డబ్బెక్కడిదని అడుగుతారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. షట్టర్ మూసి ఉన్నా ఆ పన్ను ఆగదు. అంటే ఖాళీ మడిగె కూడా ఏటా పుస్తకాల కోసం కడుతూనే ఉంది. ఆ పైసలు ఎటు పోతున్నాయో అడిగే హక్కు మాకుంది.

రెండోది ఆడవాళ్లు నడిపే మడిగె. మా ఆడవాళ్లు ఇంట్లో కుడతారు, బీడీలు చేస్తారు, జర్దోజీ పని చేస్తారు. గిరాకీ మాత్రం మధ్యలో ఉన్న మగవాడి చేతుల మీదుగా వస్తుంది, కూలీలో సగం అక్కడే ఆగుతుంది. పరదా అడ్డం కదా అని అభ్యుదయవాదులు సానుభూతి చూపిస్తారు. పరదా వేసుకునే మా ఆడవాళ్లు బీడీ కంపెనీ దగ్గర గంటలకొద్దీ లైన్లో నిలబడుతున్నారు, రేషన్ దుకాణం ముందు నిలబడుతున్నారు. అప్పుడు అడ్డం రాని పరదా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటేనే అడ్డం వస్తుందా? హిందూ దుకాణాల్లో గల్లా మీద ఎందరు ఆడవాళ్లు కనిపిస్తున్నారో కూడా ఒకసారి లెక్కపెట్టండి.

మసీదు మల్గీల్లో ఒకటి ఆడవాళ్లకు ఇవ్వాలని అడిగితే వచ్చే జవాబు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అని. ఫజర్ నమాజుకు ముందు తెరుస్తారా, ఇషా తర్వాత మూస్తారా, మగ గిరాకీ వస్తే ఎట్లా, ఇవన్నీ కమిటీలు తేల్చాలట. కమిటీలు కూర్చుంటాయి, తేలుస్తాయి. మేమెరిగిన కమిటీల్లో ఆడవాళ్లు లేరు.